కంప్రెసర్ కొన్నారు సరే, బిగించేదెక్కడ?

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లున్న పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గాలి కంప్రెసర్ గురించే. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించడం, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవడం అలవాటైన వాళ్లందరికీ ఏదో ఒక రోజు వచ్చే సందేహాలే ఇవి. అందుకే శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: మా తోట గోదావరి లంకలో ఉంది. ఇసుక దాటడానికి థార్ డీజిల్ బండి టైర్లను 16 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించి, తిరుగు ప్రయాణంలో 32కి నింపుతాం. ప్రతిసారీ కంప్రెసర్ బయటికి తీసి బ్యాటరీకి క్లిప్పులు తగిలించే పని తప్పించుకోవాలని ఉంది. బానెట్ కింద ఖాళీ బాగానే కనిపిస్తోంది. ఎక్కడ బిగించమంటారు? (కోనసీమ నుంచి ఒక రైతు)

జవాబు: బానెట్ కింద ఖాళీగా కనిపించే ప్రతి సందూ చోటు కాదండీ. కంపెనీ వాళ్లు చాలా ఖాళీలను పని ఉండే వదిలారు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూచుని ఉంటుంది. గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పక్కకి ఒరుగుతుంది. ఆ ఒరుగుడుకి ఎడం కావాలి. రేడియేటర్ వెనక ఖాళీ వేడిగాలి పోయే దారి. ముందు అడ్డపట్టీ దగ్గర ఎయిర్‌బ్యాగ్ క్రాష్ సెన్సర్లు ఉండే అవకాశం ఉంది కాబట్టి అక్కడ డ్రిల్లు పెట్టకూడదు, బరువు వేలాడదీయకూడదు. బానెట్ రేకుకీ కింద ఉన్న గట్టి భాగాలకీ మధ్య ఎడం ఎందుకంటే, ఎవరికైనా బండి తగిలితే తల పడ్డచోట రేకు లోపలికి అణగాలి. ఈ లెక్కన ముందు పనికిరాని చోట్లన్నీ కొట్టేసుకుంటూ రండి. మిగిలిందే మీ చోటు.

మొదట కొట్టేయాల్సింది టర్బో, ఎగ్జాస్ట్ ఉన్న వైపు. మీది బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు లోపల 600 డిగ్రీల దాకా వేడి పుడుతుంది. ఆ పక్కన పెట్టిన కంప్రెసర్‌కి పని మొదలవకముందే ఒళ్లు కాలి ఉంటుంది. తర్వాత ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) డబ్బా, దాని పైపుల మీదుగా పోయే చోటు వద్దు. బ్రేక్ ఆయిల్ సీసా, ఫ్యూజు పెట్టె మూత, డిప్‌స్టిక్, కూలెంట్ మూత, వీటికి చెయ్యి అడ్డం లేకుండా అందాలి. వైపర్ల కింది జాలీ నుంచి వాన నీళ్లు కారే దారి కూడా వద్దు. ఆ దారి తెలియకపోతే అద్దం మీద ఒక చెంబు నీళ్లు పోసి, లోపల ఎక్కడ కారుతున్నాయో చూడండి.

ఇవన్నీ పోగా సాధారణంగా మిగిలేది ఎగ్జాస్ట్‌కి ఎదుటి వైపు, ఫెండర్ లోపలి రేకు పై అంచు, లేదా బ్యాటరీ ట్రే పక్కన మూల. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదని కంపెనీ చెబుతుంది. కదిలే బండి ముందు నీరు ఇంకా పైకి లేస్తుంది కాబట్టి కంప్రెసర్ అడుగు భాగం నేల నుంచి ఆ కొలతకి బాగా పైనే ఉండాలి.

చోటు అనుకున్నాక వెంటనే రేకు కోయించకండి. కంప్రెసర్ కొలతలకి ఒక అట్టపెట్టె చేసి అక్కడ టేపుతో నిలబెట్టండి. పైన చపాతీ పిండి ముద్ద ఒకటి పెట్టి, మీద పాలిథిన్ కాగితం కప్పి, బానెట్ మెల్లగా దించి మళ్లీ ఎత్తండి. ముద్ద ఎంత మందానికి నలిగిందో అంతే మీకున్న ఎడం. 20 మిల్లీమీటర్లకి తక్కువైతే ఆ చోటు వదిలేయండి. ఇంజన్ వైపు 30 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజన్ ఎంత ఒరుగుతుందో చూడాలంటే డ్రైవర్ హ్యాండ్‌బ్రేక్, కాలిబ్రేక్ రెండూ పట్టుకుని మొదటి గేరులో క్లచ్ కొద్దిగా, తర్వాత రివర్స్‌లో కొద్దిగా వదలాలి. చూసే మనిషి పక్కన నిలబడాలి. బండి ముందు ఎట్టి పరిస్థితిలోనూ నిలబడకూడదు.

బ్రాకెట్‌కి 3 మిల్లీమీటర్ల ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) ప్లేటు సరిపోతుంది. కంపెనీ ఇచ్చిన మరలున్న రంధ్రాలు ఏమైనా ఖాళీగా ఉన్నాయేమో ముందు వెతకండి. కనీసం మూడు చోట్ల పట్టు ఉండాలి. రెండు బోల్టుల మీద వేలాడే బ్రాకెట్ వణికి వణికి మూడు నాలుగు నెలల్లో వంపు దగ్గర పగులుతుంది. మీ దారి లాంటి దారిలో అయితే ఇంకా ముందే. పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది వంపు దగ్గరే. అందుకే వంపుని పదునుగా కాకుండా గుండ్రంగా వంచమనండి, మూలకి ఒక త్రికోణం ముక్క వెల్డింగ్ చేయించండి. వెల్డింగ్ బ్రాకెట్‌ని బయట పెట్టుకుని చేయాలి. బండి మీద చేయాల్సి వస్తే బ్యాటరీ తీగలు విప్పనిదే చేయొద్దు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోవచ్చు. ఎం8 బోల్టులు 8.8 గ్రేడువి, నైలాన్ నట్లతో, 22 న్యూటన్ మీటర్లు చాలు. బ్రేకు, స్టీరింగ్, ఇంజన్ మౌంట్ పట్టుకున్న బోల్టుల కింద మీ ప్లేటు దూర్చకండి. పల్చని రేకుకి రంధ్రం వేయక తప్పకపోతే వెనక మరో ప్లేటు ఆనించండి, రంధ్రం అంచుకి జింక్ ప్రైమర్ పూయండి. ఉప్పుగాలి తగిలే మీ ప్రాంతంలో ఒక్క వానాకాలం చాలు, అంచు నుంచి తుప్పు పాకడానికి.

ఇక చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కంప్రెసర్ తల (గాలిని నొక్కే సిలిండర్ పైభాగం) నుంచి వచ్చే గాలి చల్లగా రాదు. 40 డిగ్రీల గాలిని ఒకే దఫాలో 100 పీఎస్ఐకి నొక్కితే, వేడి ఎటూ పోదనుకుంటే లెక్క ప్రకారం 290 డిగ్రీల దాకా వెళుతుంది. లోహం, చుట్టూ గాలి కొంత లాగేస్తాయి కాబట్టి అంత ఉండదు కానీ, మామూలు నీలం పాలీయురేథేన్ గొట్టాన్ని మెత్తబెట్టి ఊడగొట్టేంత ఉంటుంది. తల నుంచి మొదటి 60 సెంటీమీటర్లైనా స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ గొట్టం వేయండి. ఆ తర్వాత మామూలు గొట్టం వేసినా నష్టం లేదు.

గాలి తీసుకునే కొళాయిని గ్రిల్ వెనక, చేతికి అందేచోట పెడితే బానెట్ ఎత్తాల్సిన పనే ఉండదు. థార్ వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు. ముందు నుంచి వెనక చక్రం వాల్వు దాకా బండి ఒంటిని చుట్టి వెళ్లడానికి 6 మీటర్ల గొట్టం సరిపోతుంది. గాలి పీల్చే ఫిల్టర్‌ని మాత్రం కంప్రెసర్ మీదే ఉంచేయకుండా ఒక గొట్టంతో ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పైభాగానికి తీసుకెళ్లండి. ఇంజన్ ఫిల్టర్ డబ్బాలోంచే పీల్చుకునేలా కొందరు మెకానిక్కులు రంధ్రం వేస్తారు. ఆ అతుకు వదులైన రోజున దుమ్ము తిన్నగా టర్బోలోకి పోతుంది. ఆ పని చేయనివ్వకండి.

ఎంతసేపు పడుతుందంటే, మీ 255/65 ఆర్18 టైరులో సుమారు 70 లీటర్ల గాలి చోటు ఉంటుంది. 16 నుంచి 32కి ఎక్కించడానికి టైరుకి 75 లీటర్ల చిల్లర బయటి గాలి కావాలి. నాలుగింటికీ 300 దాటుతుంది. పెట్టె మీద నిమిషానికి 60 లీటర్లు అని రాసి ఉన్నా అది ఎదురు ఒత్తిడి లేనప్పటి మాట. టైరులోకి తోసేటప్పుడు 45 అనుకోండి. అంటే కంప్రెసర్ 7 నిమిషాలు నడవాలి, గొట్టం మార్చుకోవడంతో కలిపి 10 నిమిషాల పని.

ప్రశ్న: జిమ్నీకి జంట మోటార్ల కంప్రెసర్ పెట్టించుకుందామనుకుంటున్నాను. దుకాణంలో చోటు చాలదంటున్నారు. ఎలాగైనా పట్టించవచ్చా? (విశాఖపట్నం)

జవాబు: పట్టించడం కన్నా, అసలు అవసరమా అని చూడండి. జిమ్నీ టైరు 195/80 ఆర్15. లోపలి చోటు 40 లీటర్ల పైచిలుకు. 16 నుంచి 30కి తేవడానికి నాలుగు టైర్లకీ కలిపి 160 లీటర్ల గాలి చాలు. ఒంటి మోటార్ కంప్రెసర్ నాలుగు నిమిషాల్లో చేసే పని. దానికోసం 60 ఆంపియర్లు లాగే యంత్రం, లావు తీగ, చిన్న బ్యాటరీ మీద భారం, ఇవన్నీ దండగ. ఒంటి మోటార్‌ది తీసుకుని బానెట్ కిందే పెట్టండి. పైన కోనసీమ రైతుకి చెప్పిన పద్ధతిలోనే కొట్టివేతలు మొదలుపెట్టండి, చపాతీ పిండి పరీక్షతో సహా.

ఒక జాగ్రత్త. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే బండ్లలో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద ఒక చిన్న సెన్సర్ కూర్చుంటుంది. కంప్రెసర్ నెగెటివ్ తీగని టెర్మినల్ మీదే బిగిస్తే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు. బ్యాటరీలో ఎంత మిగిలిందో బండి తప్పు లెక్క వేస్తుంది. కంపెనీ ఎర్త్ తీగ బాడీకి కలిసే బోల్టు దగ్గర మీ తీగని కలపండి. రంగు గీకి తళతళలాడే రేకు మీద బిగించి, పైన గ్రీజు పూయండి.

వంజంగి, లంబసింగి వైపు రాళ్ల దారులకైతే 20 కన్నా కిందికి దించాల్సిన పని కూడా ఉండదు. 16 అనేది ఇసుక లెక్క.

ప్రశ్న: స్కార్పియో-ఎన్ ఫోర్ వీల్ డ్రైవ్. బానెట్ కింద వేడి ఎక్కువని డ్రైవర్ సీటు కింద పెట్టించుకుంటే మంచిదని ఒకరు చెప్పారు. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: నీళ్లు, బురద, ఇంజన్ వేడి తగలని చోటు కాబట్టి కంప్రెసర్ ఆయుష్షుకి మంచిదే. బ్యాటరీ మరీ దూరం కాదు, తలుపు తీయగానే చేతికందుతుంది. బాధలు వేరే ఉన్నాయి.

సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు బిగింపు తాలూకువి. వాటిని మీటర్‌తో పరీక్షించకూడదు, కోయకూడదు, లాగి పక్కకి కట్టకూడదు. విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగి విప్పాలి, మళ్లీ తగిలించాకే బ్యాటరీ కలపాలి. వరస తప్పితే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కూచుంటుంది. వెనక సీటు వాళ్ల కాళ్లకి గాలి వెళ్లే ప్లాస్టిక్ గొట్టం కూడా ఆ దారినే పోవచ్చు. కంప్రెసర్ తల దానికి తగిలితే అది కరుగుతుంది.

సీటుని పూర్తిగా ముందుకి, వెనక్కి, కిందికి జరిపి చూడండి. మీది మోటారు సీటైతే కిందికి దిగినప్పుడు ఎంత ఎడం మిగులుతుందో కొలవండి. పైన 25 మిల్లీమీటర్లు, పక్కల 50 మిల్లీమీటర్లు గాలి ఆడాలి. నేల కార్పెట్ మీద నేరుగా పెట్టకండి. నూగు ఫిల్టర్‌కి చుట్టుకుంటుంది, కింద వేడి నిలుస్తుంది. ప్లేటు మీద రబ్బరు మౌంట్లు వేసి కొంచెం ఎత్తులో బిగించండి. రబ్బరు మౌంట్లు వేసినప్పుడు బాడీ ద్వారా ఎర్త్ అందదు కాబట్టి నెగెటివ్ తీగ విడిగా లాగాల్సిందే.

సీటుని నేలకి పట్టుకున్న బోల్టులే వాడుకుందామన్న ఆలోచన ప్రతివాళ్లకీ వస్తుంది. వద్దు. మధ్యలో 3 మిల్లీమీటర్ల ప్లేటు దూరిస్తే బోల్టు మరలోకి దిగే పొడవు అంతమేర తగ్గుతుంది, సీటు అడుగు సమంగా కూచోదు. గుద్దుకున్నప్పుడు మనిషిని ఆపేవి ఆ బోల్టులే. నేలకి విడిగా ఎం6 రివ్‌నట్లు (రేకు రంధ్రంలో రివెట్‌లా బిగుసుకునే నట్లు) వేయించండి. డ్రిల్లు పెట్టే ముందు బండిని పైకెత్తి, కింద ఆ చోట బ్రేకు పైపు, ఇంధనం పైపు, తీగల కట్ట ఏదీ లేదని కళ్లతో చూడండి. డ్రిల్లు బిట్టుకి 8 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. రంధ్రాలకి సీలెంట్ పెట్టడం మరవకండి.

శబ్దం తప్పదు. కానీ గాలి కొట్టేటప్పుడు మీరు ఎలాగూ బయటే ఉంటారు.

ప్రశ్న: గూర్ఖా బండిలో డిక్కీ పక్క గోడకి కంప్రెసర్ బిగించాం. మొదటి టైరు బాగానే నిండుతుంది. గొట్టం తీసి రెండోదానికి పెట్టి స్విచ్ వేస్తే 30 ఆంపియర్ల ఫ్యూజు కొట్టేస్తోంది. కంప్రెసర్ మార్చమంటున్నారు. (నెల్లూరు)

జవాబు: మార్చకండి. డిక్కీలో బిగించిన కంప్రెసర్లలో తరచూ వచ్చే జబ్బే ఇది, కారణం ఎక్కువసార్లు కంప్రెసర్ బయటే ఉంటుంది.

రెండు అనుమానాలున్నాయి. ఒకటి, తలలో చిక్కుకున్న ఒత్తిడి. మోటార్ ఆగేసరికి తలకీ గొట్టానికీ మధ్య గాలి బిగిసి ఉంటే, మళ్లీ స్టార్టయ్యేటప్పుడు పిస్టన్ మొదటి అడుగే గోడని తోసినట్టు తోయాలి. కదలని మోటార్ మామూలుకి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. పరీక్ష సులువు. గొట్టాన్ని తల దగ్గరే విప్పేసి స్విచ్ వేయండి. హాయిగా తిరిగితే దొంగ దొరికినట్టే. స్విచ్ ఆపగానే తల వైపు గాలి బయటికి పోయే చిన్న వాల్వు వేయించండి, దాని తర్వాత వెనక్కి రానివ్వని వాల్వు ఉండాలి. ఆ వరస తారుమారైతే టైరులోని గాలే వెనక్కి వస్తుంది. ఇవేవీ లేకపోతే టైరు మారేటప్పుడు కంప్రెసర్‌ని ఆపకుండా నడవనివ్వండి, లేదా స్విచ్ వేసే ముందు గొట్టం చివర ఒక్కసారి నొక్కి గాలి వదిలేయండి.

రెండోది, తీగ. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు ఉంటుంది. వెళ్లేదీ వచ్చేదీ కలిపి 10. ఆరు స్క్వేర్ ఎంఎం రాగి తీగలో 30 ఆంపియర్లు పోతే 0.9 వోల్టు దారిలోనే కరిగిపోతుంది. 16 స్క్వేర్ ఎంఎం అయితే 0.35 వోల్టు మాత్రమే. వోల్టేజి తగ్గితే మోటార్ నెమ్మదిస్తుంది, అదే టైరుకి ఎక్కువసేపు పడుతుంది, ఆ ఎక్కువసేపులోనే వేడెక్కుతుంది. బాగా వేడెక్కిన తల మళ్లీ స్టార్టవడానికి ఇంకా మొరాయిస్తుంది. అంటే రెండు అనుమానాలూ ఒకదానికొకటి తోడవుతాయి.

మల్టీమీటర్ తీసుకుని కంప్రెసర్ నడుస్తుండగా బ్యాటరీ ప్లస్‌కీ కంప్రెసర్ ప్లస్‌కీ మధ్య వోల్టేజి చూడండి. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ కంప్రెసర్ మైనస్‌కీ మధ్య చూడండి. ఏ ఒక్కదానిలోనూ 0.3 దాటకూడదు. మైనస్ వైపు ఎక్కువ చూపిస్తే ఎర్త్ బోల్టు కింద రంగో తుప్పో ఉంది. ప్లస్ వైపైతే తీగ సన్నంగా ఉందనో, లగ్గు (తీగ చివర తొడిగే లోహపు కొన) సరిగా క్రింపు కాలేదనో (నొక్కి బిగించలేదనో) అర్థం. పట్టకారుతో నొక్కిన లగ్గులు కంప్రెసర్ లాంటి బరువు పనికి నిలబడవు. హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న బ్యాటరీ షాపులో చేయించుకోండి.

ఫ్యూజు పోతోందని 50 ఆంపియర్లది వేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడం. ఫ్యూజు ఉన్నది తీగని కాపాడటానికి. అది బ్యాటరీ ప్లస్ నుంచి 20 సెంటీమీటర్ల లోపే ఉండాలి. డిక్కీ దగ్గర పెడితే మధ్యలో ఉన్న 5 మీటర్ల తీగకి రక్షణే లేదు. డోర్ గడప రేకుకి తీగ ఒరుసుకుని చిల్లు పడిన రోజున మంట లేస్తుంది. రేకు దాటే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్, మిగతా దారంతా ముడతల ప్లాస్టిక్ గొట్టం తప్పనిసరి.

స్విచ్ గుండా మోటార్ కరెంటు పోనివ్వకండి. 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసేది) వాడండి. దాని కాళ్ల మీద అంకెలు ఉంటాయి. ఫ్యూజు నుంచి వచ్చే తీగ 30వ కాలికి, కంప్రెసర్‌కి వెళ్లేది 87కి, స్విచ్ నుంచి 86కి, 85 ఎర్త్‌కి. స్విచ్‌కి కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే వచ్చే లైను నుంచి తీసుకుంటే పిల్లలు నొక్కినా బ్యాటరీ దిగిపోదు. కంపెనీ తీగల కట్టని కోసి అతకడం వద్దు, ఫ్యూజు పెట్టెలో పెట్టే అదనపు ఫ్యూజు క్లిప్పులు దొరుకుతాయి. వారంటీ దగ్గర పేచీ వచ్చేది సాధారణంగా ఈ అతుకుల వల్లే.

ప్రశ్న: డీ-మ్యాక్స్ వీ-క్రాస్. బెడ్ (వెనక సరుకు తొట్టి) కింద ఛాసిస్ పక్కన బోలెడంత చోటు ఉంది కదా, అక్కడ ఎందుకు పెట్టకూడదు? (ఆదిలాబాద్)

జవాబు: నీళ్ల వల్ల. నడిచి వేడెక్కిన కంప్రెసర్ వాగులో దిగగానే చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ లాగుడికి షాఫ్టు సీలు పక్కనుంచి నీళ్లు లోపలికి చేరతాయి. బయట కడిగి ఆరబెట్టినా లోపల బేరింగు తుప్పు పడుతుంది. మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు తేమని తట్టుకుంటాయి, మునకని తట్టుకోవు. వెనక బంపర్ లోపల పెట్టడం కూడా ఇలాంటిదే, పైగా చక్రం విసిరే రాళ్లు అదనం.

మీకు బెడ్ ఉంది. ముందు గోడకి ఆనించి ఒక రేకు పెట్టె బిగించి అందులో పెట్టండి. పెట్టె అడుగు బెడ్ రేకు మీద నుంచి 20 మిల్లీమీటర్లు లేచి ఉండాలి, వాన నీళ్లు కింద నుంచి పోవాలి. మూత మూసి నడిపితే మాడిపోతుంది కాబట్టి గాలి కొట్టేటప్పుడు మూత తెరవడం అలవాటు చేసుకోండి, లేదా క్యాబిన్ వైపు గోడకి కిందికి వంగిన జాలీ కిటికీ పెట్టించండి. మీ వీల్‌బేస్ 3095 మిల్లీమీటర్లు. బెడ్ ముందు మూల బండి నడుమ ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి 5 మీటర్ల గొట్టం నాలుగు చక్రాలకీ అందుతుంది. అదే బానెట్ నుంచైతే 7 కావాలి. ఛాసిస్‌కి డ్రిల్లు, వెల్డింగ్ ఏదీ వద్దు.

ప్రశ్న: 4 లీటర్ల గాలి ట్యాంకు కూడా పెట్టిస్తే టైర్లు త్వరగా నిండుతాయా? (కర్నూలు)

జవాబు: నిండవు. 120 పీఎస్ఐ దాకా నింపిన 4 లీటర్ల ట్యాంకు 32కి దిగేలోపు ఇవ్వగలిగేది 24 లీటర్ల గాలి. థార్ టైరు ఒక్కదానికి కావలసిన దానిలో మూడో వంతు. ఆ తర్వాత అంతా కంప్రెసర్ వేగమే. ట్యాంకు పనికొచ్చేది గాలి హారన్‌కి, గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాక్‌కి (రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా పట్టేది), రిమ్ నుంచి జారిన టైరు అంచుని ఒక్క ఊపున కూర్చోబెట్టడానికి. గూర్ఖా లాకులు, థార్ వెనక లాకు గాలితో నడిచేవి కావు. ఆ చోటు, ఆ డబ్బు లావు తీగకి పెట్టండి. పెట్టించి తీరాలనుకుంటే సేఫ్టీ వాల్వు, అడుగున నీళ్లు వదిలే కుళాయి లేని ట్యాంకు కొనవద్దు. మన గాలిలోని తేమ అంతా అందులోనే చేరుతుంది.

ప్రశ్న: మస్కట్‌లో పాత నిస్సాన్ పాట్రోల్ ఉంది, 285/75 ఆర్16 టైర్లు. ఇసుక తిన్నెల్లో 12 పీఎస్ఐకి దించి, తర్వాత 32కి నింపుతాను. బానెట్ కింద ఒంటి మోటార్ కంప్రెసర్ ఉంది. మూడో టైరు సగంలో ఆగిపోతుంది, అరగంట తర్వాత మళ్లీ నడుస్తుంది. చోటు మార్చాలా, యంత్రం మార్చాలా?

జవాబు: రెండూ. మీ టైరులో 95 లీటర్ల పైన చోటు ఉంటుంది. 12 నుంచి 32కి టైరుకి 130 లీటర్ల గాలి, మొత్తం 520 పైనే. ఒంటి మోటార్‌కి అది 12 నిమిషాల ఎడతెగని నడక. ఆ రకాల మీద డ్యూటీ సైకిల్ 50 శాతం అని రాసి ఉంటే, నడిచినంతసేపు విశ్రాంతి ఇవ్వాలని అర్థం. పైగా ఇసుకలో తక్కువ గేర్లలో గంటసేపు నడిచి వచ్చిన బానెట్ కింద అది పని మొదలుపెట్టక ముందే కాలుతోంది. ఆపేస్తున్నది దానిలోని వేడి కట్-అవుట్. అది సరిగ్గానే పనిచేస్తోంది, దాన్ని తీసేయించకండి.

జంట మోటార్ల రకం తీసుకుని వెనక డిక్కీ పక్క గోడకి, ప్లాస్టిక్ ప్యానెల్ బయట, చుట్టూ గాలి ఆడేలా బిగించండి. గాలి నిమిషానికి 130 లీటర్లు తోయగలిగితే నాలుగు టైర్లూ నాలుగైదు నిమిషాల్లో అవుతాయి. దాని కరెంటు 60 ఆంపియర్ల దాకా ఉంటుంది కాబట్టి 5 మీటర్ల దూరానికి 25 స్క్వేర్ ఎంఎం తీగ వేయండి. అప్పుడు దారిలో పోయేది 0.45 వోల్టు. ఏఆర్‌బీ కంపెనీ జంట రకంతో వచ్చే తీగల కట్టలో 40 ఆంపియర్ల ఫ్యూజులు రెండు విడివిడిగా ఉంటాయి. ఆ రెండింటినీ కలిపి ఒక్క పెద్ద ఫ్యూజుగా మార్చే ప్రయత్నం చేయొద్దు.

కొత్తది వచ్చేదాకా పాతదాన్నే నడపాలంటే, రోడ్డు దగ్గరికి చేరగానే బానెట్ ఎత్తి, ఇంజన్ ఆపకుండా 5 నిమిషాలు ఫ్యాను తిరగనిచ్చి అప్పుడు మొదలుపెట్టండి. రెండు టైర్లు పూర్తయ్యాక 10 నిమిషాలు ఆగండి. ముందు నాలుగింటినీ 22కి తెచ్చి, ఆ విశ్రాంతి తర్వాత 32కి తీసుకెళ్లడం ఇంకా మేలు. మధ్యలో కంప్రెసర్ మొరాయించినా నాలుగు చక్రాలూ సమంగా ఉంటాయి, దగ్గర్లోని పెట్రోలు బంకు దాకా నెమ్మదిగా నడిపించుకు వెళ్లవచ్చు.